నలభై పేర్ల కాగితం

డాక్టర్ వెర్లాక్ గారు వైద్యం మానేసి అందరికీ వీడ్కోలు చెప్పిన రోజు మా ఊరి హాలు నిండిపోయింది. జూన్ నెల, శుక్రవారం సాయంత్రం. చుట్టుపక్కల ఆరు ఊళ్ళకు నలభై మూడేళ్ళుగా ఆయనొక్కడే డాక్టరు. ఆయన తర్వాత ఎవరూ రావడం లేదని అందరికీ తెలుసు. మేయరు రెండేళ్ళపాటు ప్రకటనలు ఇచ్చాడు. ఇల్లు ఉచితం అన్నాడు, ఒక్కరూ రాలేదు.

మేమూ వెళ్ళాం. అమ్మ నిమ్మకాయ కేకు చేసింది. నాన్న ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క టై కట్టుకున్నాడు. ఫ్రాన్సులో ఈ ఊరికి వచ్చి ఆరేళ్ళయినా నాన్నకు నలుగురిలోకి వెళ్ళినప్పుడల్లా ఒకటే మాట.

"మనం తోసుకుని ముందుకు పోవద్దు. వాళ్ళ ఊరు, వాళ్ళ డాక్టరు. ముందు వాళ్ళని కానివ్వండి."

అందుకని కోట్లు తగిలించే గోడ పక్కన ముగ్గురం నిలబడ్డాం. కేకు పళ్ళెం నా చేతిలో ఉంది.

అమ్మకు పంతొమ్మిదో ఏట నుంచి మూర్ఛ. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర వేసుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు. పదకొండేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. మూడు నెలలకోసారి డాక్టర్ వెర్లాక్ మందుల చీటీ రాసిచ్చేవాడు. అమ్మకు ఫ్రెంచి అంతంతమాత్రమే కాబట్టి ఆయన నెమ్మదిగా, చేతులతో చూపిస్తూ మాట్లాడేవాడు. ఈ జబ్బు సంగతి ఆయనకూ మందుల షాపు మదాం పుజాద్‌కూ తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియకూడదని అమ్మ పట్టుదల. పారిస్ వాళ్ళూ లియోన్ వాళ్ళూ సెలవులకు అద్దెకిచ్చే ఏడు ఇళ్ళు అమ్మ శుభ్రం చేస్తుంది. ఒక్కో ఇల్లు ఒక్కో కొండ మీద. బస్సులు లేవు. నాన్నకు ఒక కన్ను సరిగా కనపడదు, ఆయన ఎప్పుడూ కారు నడపలేదు. ఇంట్లో బండి నడిపేది అమ్మ ఒక్కతే.

"మూర్ఛ మనిషని తెలిస్తే తాళాలు ఎవరిస్తారే నా చేతికి?" అనేది అమ్మ.

ఆ సాయంత్రం నా పక్కన ఇద్దరు ముసలాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"రాయించావా?"

"ఎప్పుడో! పన్నెండో నెంబరు. నువ్వో?"

"ముందు ఓ గ్లాసు వైను పుచ్చుకుందామని..."

"పుచ్చుకో, పుచ్చుకో. నలభై దాటితే ఆవిడ నీ శవాన్ని కూడా ముట్టుకోదు."

నేను తల తిప్పి చూశాను. కాఫీ బల్ల దగ్గర సన్నగా ఉన్న ఒకావిడ నిలబడి ఉంది. ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న బెల్వాల్‌లో డాక్టరు, పేరు రూదీ. వెర్లాక్ గారికి వీడ్కోలు చెప్పడానికి వచ్చి, ఈ ఊళ్ళ నుంచి నలభై మందిని మాత్రం తీసుకుంటానని అందిట. మైకులో ఎవరూ చెప్పలేదు. ఒకరి చెవి నుంచి ఇంకొకరి చెవికి పాకింది. గీతల కాగితం పట్టుకుని పేర్లు రాస్తున్నది మదాం లకోంబ్, ఊరి బడిలో నాకు చదువు చెప్పిన టీచరు. ఆవిడకు కాస్త చెవుడు. పేరూ జబ్బూ రెండూ గట్టిగా చెప్పాలి.

"షుగరు!"

"గుండె! గుండె అంటున్నా!"

"ప్రోస్టేటు!"

"అది చెప్పక్కర్లేదులే ఫెర్నాండూ, చర్చి వెనక గోడ దగ్గర గంటగంటకీ నిన్ను చూస్తున్నాంగా!" అని ఎవరో అరిచారు. హాలంతా గొల్లుమంది.

అమ్మా నాన్నా కూడా నవ్వారు, ఎందుకో తెలియకపోయినా. అందరూ నవ్వితే వాళ్ళూ నవ్వుతారు.

నేను ఇంకొంచెం ముందుకు వంగి చూశాను. ముప్పై ఒకటో గీత దాకా నిండింది. గోడ దగ్గర నుంచి బల్లకు ఇరవై అడుగులు ఉంటాయేమో. అక్కడికి వెళ్ళి, మదాం లకోంబ్ ముందు నిలబడి, "మా అమ్మకు మూర్ఛ" అని గట్టిగా చెప్పాలి. రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది. క్లాసులో పేరు పిలిస్తే "ఉన్నాను" అనడానికి బదులు చెయ్యెత్తే పిల్లను నేను. అమ్మతో చెబుదాం, ఏం చేయాలో అమ్మే చూసుకుంటుంది అనుకున్నాను. అమ్మ వైపు తిరిగాను కూడా. అప్పుడే మేయరు భార్య వచ్చి కేకు బాగుందని అమ్మను రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుంది. ఆవిడ వెళ్ళేసరికి మదాం లకోంబ్ కాగితం మడిచి డాక్టరు రూదీ చేతిలో పెడుతోంది.

దారిలో నాన్న, "ఎంత మర్యాదగా జరిగింది!" అన్నాడు. ఆ రోజు డైరీలో, కేకు మొత్తం అయిపోయింది అని మాత్రం రాశాను.

సెప్టెంబరులో చీటీ గడువు తీరింది. మదాం పుజాద్ పాత చీటీని తిప్పి తిప్పి చూసి అమ్మతో అంది.

"ఒక్క డబ్బా ఇస్తాను గ్వెన్. ఒక్కసారికే. రెండోసారి ఇస్తే నా షాపు మూయిస్తారు." తర్వాత నా వైపు చూసింది. "అమ్మకి అర్థమయ్యేలా చెప్పు తల్లీ. ఈ డబ్బా అయ్యేలోపు డాక్టర్ని వెతుక్కోవాలి."

వెతకడం నా పని అయింది. ఇంట్లో ఫోనులో ఫ్రెంచి మాట్లాడగలిగేది నేనే. డాక్టర్ల ఫోన్లు పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకానే ఎత్తుతారు. ఆ టైములో నేను బడిలో ఉంటాను. విరామం గంట కొట్టగానే వ్యాయామశాల వెనక్కి వెళ్ళి, చెప్పాల్సిన మాటలు ముందుగా కాగితం ముక్క మీద రాసుకుని, చదువుతూ మాట్లాడేదాన్ని. ఇరవై మూడు నెంబర్లు.

"కొత్తవాళ్ళని తీసుకోవడం లేదండి."

"మదాం, మా అమ్మకు మాత్రలు అయిపోతున్నాయి—"

"అందరికీ అయిపోతున్నాయమ్మా."

ఒకావిడ మాత్రం మంచిగా మాట్లాడింది. "ఏ ఊరు మీది?" అంది. చెప్పాను. "అయ్యో పాపం, వెర్లాక్ గారి ఊరా!" అంది, ఎవరో చనిపోయినప్పుడు అన్నట్టు. తర్వాత ఆవిడ కూడా కుదరదనే చెప్పింది.

రూదీ గారి నెంబరుకు చివర్లో చేశాను. కాగితంలో ఉన్నవాళ్ళనే చూస్తాం అంది అక్కడి అమ్మాయి. "మీరు కాగితంలో ఉన్నారా?"

"లేము."

"మరింకేం చేయను చెప్పు."

మా పక్కింటి సొలాంజ్‌కు డెబ్బై దాటాయి, కుందేళ్ళు పెంచుతుంది. నేను రోడ్డు మీద కనపడితే ఆపింది.

"రూదీ దగ్గరికి మీరూ వెళ్తున్నారుగా? నన్నూ కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళమని మీ అమ్మతో చెప్పు."

"మేము రాయించుకోలేదండి."

"రాయించుకోలేదా? అక్కడే ఉన్నారుగా! గోడకి మేకులు కొట్టినట్టు ముగ్గురూ నిలబడ్డారు, నా కళ్ళతో చూశాను. మీ ఇంగ్లీషు వాళ్ళకి ఎక్కడో వేరే డాక్టరు ఉన్నాడేమో అనుకున్నాం. మీకెప్పుడూ వేరేగా ఏదో ఒకటి ఉంటుందిగా!"

"లేదండి."

సొలాంజ్ నా మొహం చూసి, నవ్వు ఆపింది. మర్నాడు ఆవిడే మా కోసం రూదీ గారిని అడిగి చూసింది. నలభై మంది ఇప్పటికే అరవై మూడయ్యారనీ, వచ్చిన ప్రతివాళ్ళూ ఒక పక్కింటి వాళ్ళని వెంట తెస్తున్నారనీ, తాను కూడా మనిషేననీ ఆ డాక్టరు అందిట.

అక్టోబరులో ఒక రోజు వంటగదిలో కూరగాయల కత్తి మీద తెల్లటి పొడి కనిపించింది. ముందు పిండి అనుకున్నాను. పక్కన సగం మాత్ర ఉంది.

"నాన్నకి చెప్పకు," అంది అమ్మ వెనక నుంచి. "సగం వేసుకున్నా సరిపోతోందే. చూడు, ఎలా ఉన్నాను? రాయిలా ఉన్నాను. సగం సగం వేసుకుంటే క్రిస్మస్ దాకా లాగొచ్చు. ఈలోపు ఎవరో ఒకరు దొరక్కపోరు."

నేను నాన్నకు చెప్పలేదు.

శరదృతువు సెలవుల్లో మొదటి శనివారం. అమ్మ శుభ్రం చేసే ఇళ్ళలో ఒకటి, నీలం కిటికీ తలుపుల ఇంట్లో అమ్మా నేనూ పనిలో ఉన్నాం. పాత అతిథులు పదికి వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళు నాలుగుకు వస్తారు. పై గదిలో మంచం మీద దుప్పటి పరుస్తున్నాం. నేను ఒక కొస లాగాను. అవతలి కొస ఎవరూ లాగలేదు. అమ్మ కిటికీ వైపు చూస్తోంది. పిలిచాను. పలకలేదు. ఒక రకమైన శబ్దం చేసి మంచానికీ గోడకూ మధ్య పడిపోయింది. కొట్టుకుంటున్న తలను నేను రెండు దిండ్ల మధ్య పట్టుకున్నాను. నా చిన్నప్పుడే అమ్మ నేర్పింది, పక్కకు తిప్పమని, నోట్లో ఏమీ పెట్టొద్దని. ఒక చేత్తో ఫోను చేశాను.

మా వైపు ఇలాంటప్పుడు వచ్చేది ఫైరు వాళ్ళే, అంటే పిలుపు రాగానే పని వదిలి వచ్చే ఊరివాళ్ళే. ఎర్ర బండి దిగి మెట్లెక్కి వచ్చిన ముగ్గురిలో ఇద్దరు తెలిసినవాళ్ళు. ఒకరు మా పోస్టుమాన్ తియెరీ, ఇంకొకరు రొట్టెల షాపావిడ. టోపీలూ బూట్లూ వేసుకుంటే వాళ్ళ మొహాలు మారిపోయినట్టు ఉన్నాయి.

"ఏం జబ్బు పిల్లా? ఏం మందులు?" అన్నాడు తియెరీ.

"మూర్ఛ."

అతని రేడియో గరగరమంటోంది. "ఏంటీ?"

"మూర్ఛ అండీ! మా అమ్మకు మూర్ఛ!"

నా గొంతు అంత పెద్దగా రావడం నేను ఎప్పుడూ వినలేదు. రొట్టెల షాపావిడ అమ్మ జుట్టు నుదుటి మీద నుంచి తీసి వెనక్కి పెట్టింది. "మాకెప్పుడూ చెప్పలేదేమే?" అంది, కోపంగా కాదు.

పెద్దాసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు ఏడు నిమిషాలు మాట్లాడి, ఏడాదికి సరిపడా చీటీ రాశాడు. నెలన్నర నుంచి ఇరవై మూడు నెంబర్లకు చేసినా దొరకని చీటీ. ప్రింటరు నుంచి అలా జారి వచ్చింది. దాన్ని నా చేతిలో పెడుతూ అన్నాడు.

"కారు నడపకూడదు. కనీసం ఏడాది. తర్వాత పరీక్ష ఉంటుంది, వాళ్ళు ఒప్పుకుంటేనే. మీ అమ్మకు చెప్పండి."

చెప్పాను. అమ్మ తల ఊపింది. నాన్న కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. కాసేపయ్యాక కాఫీ తెస్తానని బయటికి పోయాడు.

ఇద్దరమే ఉన్నాం. నేను చెప్పేశాను. "అమ్మా, ఆ రోజు హాల్లో నేను విన్నాను. నలభై మందిని రాసుకుంటున్నారని. ముప్పై ఒకటి అయినప్పుడు చూశాను. ఇంకా తొమ్మిది ఉన్నాయి. నేను వెళ్ళలేదు."

అమ్మ దుప్పటి అంచు సరిచేసింది.

"కాగితం నేనూ చూశాను," అంది. "అందరూ వరసగా వెళ్ళి రాయించుకుంటుంటే అదేంటో తెలుసుకోవడానికి ఫ్రెంచి రావాలా?"

"మరి నాతో అనలేదేం?"

"అంటే నువ్వేగా వెళ్ళి చెప్పాలి. అంతమందిలో, మీ టీచరు ముందు. వాళ్ళు ఎలా నవ్వుతున్నారో చూశావుగా. నిన్ను పంపాలనిపించలేదు."

నాన్న మూడు కాఫీలు తెచ్చాడు. చక్కెర మర్చిపోయాడు.

మా కారు నీలం కిటికీల ఇంటి ముందే ఉండిపోయింది. బుధవారం ఆ ఇంటి యజమాని పారిస్ నుంచి ఫోను చేశాడు. అమ్మ ఎలా ఉందని అడిగాడు, చాలా మర్యాదగా. తాళం చెవులు ప్రస్తుతానికి సొలాంజ్ దగ్గర పెట్టమన్నాడు. శనివారం కొత్తవాళ్ళు వస్తున్నారు, గేటు లోపల కారు అడ్డంగా ఉంది, దయచేసి తీయించండి అన్నాడు. సొలాంజ్ తమ్ముడి కొడుకు తెచ్చిపెడతానన్నాడు గానీ, వేట అయ్యాక, ఆదివారం.

శనివారం నాన్నా నేనూ సైకిళ్ళ మీద వెళ్ళాం. పధ్నాలుగు కిలోమీటర్లు, సగం పైగా ఎత్తు. కారు మీద ఎండుటాకులు పడి ఉన్నాయి. వెనక సీటులో బకెట్టు, తుడుపు గుడ్డలు, ఉతికిన దుప్పట్లు అలాగే ఉన్నాయి. నాన్న డ్రైవరు సీటులో కూర్చుని, ఏది ఏమిటో నన్ను అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను. అమ్మ చేసేది ఇన్నేళ్ళు పక్క నుంచి చూశాను కదా. బ్రేకు కిందికి దించాం. నాన్న తలుపు తెరిచి పెట్టి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఒక భుజం ఆనించి తోశాడు. నేను వెనక నుంచి తోశాను. మొదట కదల్లేదు. తర్వాత కదిలింది. గేటు దాటేటప్పుడు అద్దం రాతి స్తంభానికి రాసుకుని మడుచుకుపోయింది. రోడ్డు అంచున గడ్డి మీదికి ఎక్కించి, మళ్ళీ బ్రేకు వేశాం. చక్రాల కింద రెండు రాళ్ళు పెట్టాం.

ఆయాసంతో ఇద్దరం గడ్డి మీద కూర్చున్నాం. అప్పుడే లియోన్ నెంబరు ఉన్న పెద్ద కారు ఒకటి వచ్చి ఆగింది. వెనక సీటులో ఇద్దరు పిల్లలు, పైన సామాను. నడుపుతున్నాయన అద్దం దించాడు.

"ఏమైందండీ? మొరాయించిందా? ఓ చెయ్యి వేయమంటారా?"

నాన్న నా వైపు చూశాడు, ఏమంటున్నాడు అన్నట్టు.

"లేదండీ," అన్నాను. "బండి బాగానే ఉంది."