పలకల గీత మీద నడక

"ఆ మాత్రలు దాని తలకి ఏదో ఒకటి చేస్తాయండీ. నేను చెప్తున్నా, చూస్తూ ఉండండి."

పొద్దున్నే టీ గ్లాసు చేతికిస్తూ నేనీ మాట అంటే మా ఆయన కళ్ళు నులుముకుంటూ, "ఇంకా పూర్తిగా తెల్లారనన్నా తెల్లారనివ్వవే," అన్నారు.

అప్పటికి మా అమ్మాయి తలకి ఏమీ కాలేదు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని దానిది. కిడ్నీలు రెండూ పాడైతే వాళ్ళ నాన్న తనది ఒకటి ఇచ్చారు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "పాతదే గానీ కంపెనీ పార్టు, జాగ్రత్తగా వాడుకో," అని దాన్ని ఏడిపిస్తుంటారు. ఒళ్ళు ఆ కొత్త కిడ్నీని పరాయిదనుకుని తరిమెయ్యకుండా, ఒంట్లోని రక్షణ శక్తిని కాస్త అణిచి ఉంచే మాత్రలు రెండు పూటలా వేసుకోవాలి. బతికినన్నాళ్ళూ వేసుకోవాలి.

నా భయం ఆస్పత్రి వరండాలో మొదలైంది. పక్క కుర్చీలో కూర్చున్నావిడ తమ్ముడికి కూడా కిడ్నీ మార్చారట. కొన్నేళ్ళకి మెదడులో లింఫోమా అనే క్యాన్సర్ వచ్చిందట. "ఒంట్లో రక్షణ తగ్గినవాళ్ళకి వస్తుందట వదినా," అంది. తలనొప్పి, వాంతులు, నడిస్తే తూలడం, చేతిలో పట్టు తగ్గడం, మనిషి తీరే మారిపోవడం, ఇవీ గుర్తులట. ఆవిడ తన మందులు తీసుకుని తన దారిన పోయింది. ఆ మాటలన్నీ నేను ఇంటికి మోసుకొచ్చాను. ఇంట్లో అందరి ముందూ దించాను కూడా.

మర్నాటినుంచి పొద్దున్నే పిల్లని వంటింటి నేలపలకల మధ్య గీత మీద నడిపించేదాన్ని. చేతులు ముందుకు చాపమనేదాన్ని. సూదిలో దారం ఎక్కించమనేదాన్ని. మొదట్లో నవ్వేది.

"తాగి బండి నడిపినవాళ్ళని కూడా ఇంత పరీక్ష చెయ్యరే అమ్మా!"

"మాట మార్చకు. తలనొప్పిగా ఉందా?"

"నువ్వడిగాక వచ్చింది."

"చూశారా! వచ్చిందట!" అని నేను కేకేస్తే, ఆయన స్నానాల గదిలోంచి, "నాకు పెళ్ళైనప్పట్నుంచీ ఉంది, నన్నెవరన్నా అడిగారా?" అన్నారు.

నవ్వుకున్నారు తండ్రీకూతుళ్ళు. నేను మాత్రం బట్టలు ఇస్త్రీ చేసే చోట చొక్కా మీద పెట్టె పెట్టి దాని తల గురించే ఆలోచిస్తూ నిలబడిపోయేదాన్ని. ఒకసారి కాలర్ మాడింది. "అక్కా, చొక్కాకి ఆపరేషన్ చేస్తున్నావా?" అంది పక్క బల్ల పిల్ల.

కొన్నాళ్ళకి మా అమ్మాయి నవ్వడం మానేసింది. తర్వాత మాట్లాడటమూ తగ్గించింది. చిన్నప్పట్నుంచీ దాన్ని వసపిట్ట అని పిలుస్తాం. నిద్రలో కూడా వాగేది. అలాంటిది అడిగినదానికి ఊ, కాదు, అంతే. అన్నం తిని గిన్నె కడుక్కుని గదిలోకి పోయేది.

"పనిలో అలసిపోయి ఉంటుంది," అన్నారు ఆయన.

"మనిషి మారిపోవడం కూడా గుర్తే. వరండాలో ఆవిడ చెప్పింది."

ఈసారి ఆయన వెటకారం చెయ్యలేదు. మర్నాడే ముగ్గురం ఆస్పత్రికి వెళ్ళాం. రక్తం తీశారు, తలకి స్కాన్ తీశారు. మధ్యాహ్నానికి డాక్టరమ్మ లోపలికి పిలిచింది.

"స్కాన్ బాగుందమ్మా. తలలో ఏమీ లేదు."

నాకు నమ్మకం కుదర్లేదు. వరండాలో విన్నదంతా ఏకరువు పెట్టాను. డాక్టరమ్మ చివరిదాకా విన్నది.

"ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఇలాంటి మందులు వాడేవాళ్ళకీ, హెచ్ఐవీ ఉన్నవాళ్ళకీ, అరవై దాటినవాళ్ళకీ మిగతావాళ్ళకన్నా అది వచ్చే వీలు ఎక్కువే. చాలామందికి చిన్నతనంలోనే ఒక వైరస్ పట్టుకుని, ఒంట్లో ఓ మూల నిద్రపోతూ ఉంటుంది. రక్షణ తగ్గితే అది లేస్తుంది. దానివల్ల ఈ క్యాన్సర్ రావచ్చు. కానీ అసలిది చాలా అరుదైన జబ్బు. ఈ మందులు వాడేవాళ్ళలో కూడా ఎక్కడో ఒకరికి వస్తుంది."

"ఆ ఒకరు ఇదే అయితేనో?"

"గుర్తులు కనిపిస్తే వెంటనే రండి. ఇవాళ వచ్చారు చూడండి, అలాగే. రోజూ పొద్దున్నే వెతక్కండి." కాగితం తిప్పింది. "తల బాగానే ఉంది. రక్తమే బాగాలేదు. మందు ఉండాల్సినంత లేదు. కిడ్నీ ఇబ్బంది పడుతోంది. ఇప్పుడైతే సర్దుకోవచ్చు, ఇలాగే సాగితే నాన్నగారిచ్చింది నిలవదు. మాత్రలు వేసుకుంటోందా?"

"రెండు పూటలా నా చేత్తో ఇస్తానండీ! నీళ్ళ గ్లాసు కూడా నేనే అందిస్తా."

"మింగడం చూశారా?"

గ్లాసు అందుకునే చెయ్యి వణుకుతోందా అని చూసేదాన్ని. కళ్ళు ఎర్రగా ఉన్నాయా అని చూసేదాన్ని. నోటి వంక ఎప్పుడూ చూడలేదు.

డాక్టరమ్మ మా అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా."

అది ఒళ్ళో సంచీ పట్టీని వేలికి చుట్టి విప్పుతోంది. మా ఆయన చెయ్యి ఆపరేషన్ కుట్టు ఉన్న పక్కకి దానంతటదే పోయింది. అది చూసి మా అమ్మాయి తల దించుకుంది. నాకు తిట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యకుండా కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను.

"చెప్పరా నాన్నా," అన్నారు ఆయన.

అది సంచీ పట్టీ వదిలేసింది.

"సాయంత్రం మాత్ర దవడలో దాచుకుని సింకులో ఊసేస్తున్నా," అంది చివరికి. "అమ్మ చెప్పే జబ్బు ఆ మాత్రవల్లే వస్తుందంటే నాకూ భయమేసింది. ఇకనించి రెండు పూటలా మింగుతా, కావాలంటే నోరు తెరిచి చూపిస్తా. కానీ ఆ గీత మీద మాత్రం నన్ను నడిపించకమ్మా."