చివరి పది నిమిషాలు

మిషన్ సూదిలో దారం తెగినప్పుడు మాత్రమే అమ్మ తల ఎత్తుతుంది. మిగతా సేపంతా ఆమె కళ్లు సూది మీదా, దాని కింద జరిగే గుడ్డ మీదా ఉంటాయి. అందుకే మా అమ్మ సినిమాలు చూస్తుందంటే అది అబద్ధం. ఆమె వింటుంది. కిటికీ గూట్లో కత్తెర డబ్బాకి ఆనించి నేను ఫోన్ నిలబెడతాను. అమ్మ బడిపిల్లల యూనిఫాం చొక్కాలు కుడుతూ వింటుంది. దారం తెగితే ఎక్కించుకుంటూ ఒకసారి బొమ్మ వైపు చూస్తుంది. "ఇదా ఆ మనిషి? గొంతు విని పొడుగ్గా ఉంటుందనుకున్నానే" అంటుంది. మళ్లీ తల దించుతుంది.

సినిమా బాగుందో లేదో నేను చొక్కా చూసి చెప్పగలను. బాగుంటే అమ్మ కాలు నెమ్మదిస్తుంది, అక్కడ కుట్టు కొంచెం పక్కకి పోతుంది. నానమ్మ కళ్లజోడు పెట్టుకుని మరీ ఆ చోటు వెతుకుతుంది. "ఏమ్మా కోడలా, ఇక్కడెవరైనా చచ్చిపోయారా, కుట్టు వంకర పోయింది" అంటుంది. అమ్మ నవ్వుతుంది, విప్పుతుంది, మళ్లీ కుడుతుంది. ఆ విప్పడం, మళ్లీ కుట్టడం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సినిమా వినడం కూడా అంతే. "చెవులకి పనేముంది, అవెలాగూ ఖాళీయేగా" అన్నాడు నాన్న ఒకసారి.

నేను బయట ఎక్కువ మాట్లాడను. మా ఊరి బడిలో లేచి నిలబడితే నాకు తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఉండిపోతుంది. తెలుగు మేడం ఇదంతా చూసి, నోటితో రాకపోతే చేత్తో చెప్పమని ఒక పాత డైరీ ఇచ్చింది. అందులో తేదీలు ఎప్పటివో, వారాలు కలవవు. కొట్టేసి రాసుకుంటాను. సెలవులిచ్చినప్పటినుంచీ అందులో ఎడమ పేజీలో ఆ రోజు విన్న సినిమా, కుడి పేజీలో దాని గురించి అమ్మ అన్న మాటలు రాస్తున్నాను. నాన్న కొట్టు అద్దానికి అంటించే కాగితం సంగతి వచ్చింది అక్కడినుంచే.

నాన్నది ఫోన్లు, టీవీలు బాగుచేసే కొట్టు. వచ్చినవాళ్లందరూ ఒకటే అడిగేవాళ్లట, డబ్బు కట్టి సినిమాల యాప్ పెట్టించుకున్నాం, ఏం చూడాలో తెలియడం లేదు, ఎప్పుడు తెరిచినా అవే పెద్ద సినిమాలు ముందుకొస్తున్నాయి అని. ఎవరికీ తెలియని మంచివి వారానికి నాలుగు రాసి అద్దానికి అంటిస్తే జనం ఆగుతారని నాన్నకి తోచింది. నా రాత బాగుంటుందని నన్ను కూర్చోబెట్టాడు. "నేను చెప్తాను, నువ్వు రాయి" అన్నాడు. పెన్ను మూత తీసి పావుగంట ఎదురు చూశాను. ఆయన దగ్గర చెప్పడానికి ఒక్కటీ లేదు. "మీ అమ్మ ఏవో వింటూ ఉంటుందిగా, అవి రాసెయ్" అని లేచిపోయాడు.

డైరీ కుడి పేజీలు తీసి రాశాను. మొదటి వారం కాగితంలో ఇలా ఉంది: "ఎనిమిది చిన్న చిన్న భాగాల సీరియల్. లిఫ్టులు బాగుచేసే ఆవిడ కథ. ప్రతిసారీ ఒక లిఫ్టు ఆగిపోతుంది, లోపల ఇద్దరు ఇరుక్కుంటారు. లిఫ్టు తొందరగానే బాగవుతుంది, మనుషులకే టైం పడుతుంది." ఇంకోటి: "మంచు ఊళ్లో ఇద్దరు అక్కచెల్లెళ్లు. పదేళ్లుగా మాటల్లేవు. ఇద్దరికీ కలిపి ఒకటే గాడిద. ఎవరి బాధ వాళ్లు దానికే చెప్పుకుంటారు. గాడిద బాగా నటించింది." అన్నీ అమ్మ మాటలే. కామాలు మాత్రం నావి.

నాన్న చదివి ఒక్క మాట కలపమన్నాడు. ప్రతిదాని కిందా "కుటుంబమంతా కలిసి చూడవచ్చు" అని. కలిపాను.

నాలుగో వారానికి నాన్నకి సినిమా మాస్టారు అని పేరొచ్చింది. కొత్త కాగితం ఇవ్వడానికి వెళ్లి నేను కొట్టు వెనక తెర దగ్గర నిలబడేదాన్ని. "ఒక్కోటి ఏరడానికి ఎంత ఓపిక కావాలండీ, మాటలా" అంటూ ఉండేవాడు నాన్న. కోపం వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. మా నాన్న ఎంత చక్కగా చెప్తున్నాడో అనిపించింది ముందు. తరవాత ఇంటికొచ్చి అమ్మ చేతి వేలికి సూది దిగిన చోట ప్లాస్టర్ చూశాను. అప్పుడొచ్చింది కోపం. ఆ రోజు డైరీలో రెండు పేజీలూ ఖాళీగా వదిలేశాను.

అమ్మ ఏరే పద్ధతి ఎవరికీ తెలియదు. మేం వినేవన్నీ వేరే భాషలవి, తెలుగు మాటలు అతికించినవి. పెద్ద సినిమాలకి పెద్ద గొంతులు దొరుకుతాయి. ఇలాంటి చిన్నవాటికి నలుగురో ఐదుగురో ఉంటారు కాబోలు, తిప్పి తిప్పి వాళ్లే వినిపిస్తారు. వాళ్లలో ఒకావిడ గొంతు అమ్మకి ప్రాణం. లిఫ్టు ఆవిడకి ఆమే, గాడిద అక్కకి ఆమే. "ఆవిడ మాటకి ముందు చిన్న ఊపిరి తీసుకుంటుంది చూడు. చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టు. అబద్ధం సినిమాకి ఆ ఊపిరి రాదు" అంటుంది అమ్మ. ఆ గొంతు ఉందంటే పెడతాం, లేదంటే రెండు నిమిషాల్లో మారుస్తాం. ఆవిడ పేరేమిటో మాత్రం మాకు తెలియదు. అలాంటి పేర్లు సినిమా చిట్టచివర పడతాయి. మేం ఏ సినిమాకీ చివరిదాకా వెళ్లలేదు.

ఇంటి పనంతా తెమిలి అమ్మ మిషన్ ముందు కూర్చునేసరికి పన్నెండు. నాన్న భోజనానికి వచ్చేది ఒకటిన్నరకి. వాకిట్లో బండి ఆపి రెండు హారన్లు కొడతాడు. మొదటిది వచ్చానని, రెండోది పళ్లెం పెట్టమని. ఏ సినిమాకైనా ఇంకో పది నిమిషాలైనా మిగిలి ఉంటుంది. అమ్మ లేస్తుంది, నేను ఆపుతాను. భోజనాలయ్యాక ఫోన్ నానమ్మది, తన చెల్లెలితో మాట్లాడుకుంటుంది. మర్నాడు కాగితానికి ఇంకో కొత్తది కావాలి. "పోనీలేవే, చివర్లో ఏముంటుంది. కలుస్తారు, లేకపోతే పోతారు" అంటుంది అమ్మ. కానీ అంట్లు తోముతూ ప్రతి కథకీ తనే ఒక ముగింపు కడుతుంది. గాడిద చనిపోతే అక్కచెల్లెళ్లిద్దరూ ఒకేచోట ఏడుస్తారని ఆమే చెప్పింది. నేను నమ్మాను కూడా.

ఏడో వారం కాగితంలో రైల్వే స్టేషన్ ఆవిడ కథ రాశాం. ఇరవై రెండేళ్లుగా మైకులో బండ్ల రాకపోకలు చెప్పే మనిషి. ఆమె నోరు తెరిస్తే స్టేషనంతా ఆగి వింటుంది. ఇంట్లో మాత్రం ఆమె మాట్లాడుతుంటే భర్త టీవీ చూస్తుంటాడు, అత్తగారు ఉప్పు అడుగుతుంది. ఆ గొంతు మేం వెతుక్కునే ఆవిడదే. ఆ రోజు అమ్మ మూడు చొక్కాల కాలర్లు విప్పి కుట్టింది. హారన్ మోగే వేళకి స్టేషన్ ఆవిడ డ్యూటీ ముగించి, బల్ల సర్దుకుంటోంది. అంట్లు తోముతూ అమ్మ మిగతాది చెప్పింది. "ఇంటికెళ్తుంది. మొగుడు తలుపు తీసి, టీవీ కట్టేసి, చెప్పు, వింటాను అంటాడు." ఆ మాటంటున్నప్పుడు అమ్మ ముఖం గిన్నె వైపే ఉంది. నేను అదే నమ్మి, "మనసు చల్లబడే ముగింపు" అని రాసి, కింద "కుటుంబమంతా కలిసి చూడవచ్చు" అని చేర్చాను.

వారం తిరక్కుండా బ్యాంకు గుమాస్తా కొట్టుకి వచ్చాడు. నేను తెర వెనకే ఉన్నాను.

"మాస్టారూ, మీ మాట నమ్మి కుటుంబమంతా కూర్చుని చూశామండీ" అన్నాడు.

"బాగుందా?" అన్నాడు నాన్న స్క్రూడ్రైవర్ తిప్పుతూ.

"మా ఆవిడకి బాగుంది. అప్పటినుంచీ భోజనానికి రమ్మని పిలవడం మానేసింది. 'ప్రయాణికులకు గమనిక, పళ్లెం మీరే తెచ్చుకోగలరు' అంటోంది."

బెంచీ మీద కూర్చున్న ఇద్దరు నవ్వారు. వాళ్లలో ఒకాయన, "మనసు చల్లబడే ముగింపని రాశారు గానీ, అసలు చివర్లో ఆవిడ చేసింది తప్పా ఒప్పా మాస్టారూ? మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మీరు ఏరినవారు, మీరు చెప్పండి" అన్నాడు.

నాన్న ఒకసారి దగ్గాడు. "చివర్లోనా... మీకేమనిపించింది?"

"మేం అడిగింది మిమ్మల్నండీ."

నాన్న తెర వైపు చూశాడు. నా కాళ్లు కనపడే ఉంటాయి. "అది మా అమ్మాయి రాయడంలో పొరపాటండీ. చిన్నపిల్ల" అన్నాడు.

బాగున్నవన్నీ ఆయనవి. తప్పయినది ఒక్కటి, అది నాది. పక్క సందులోంచి ఇంటికొచ్చేశాను.

నాన్న ఆ పూట హారన్ కొట్టకుండానే లోపలికి వచ్చాడు. "చివర తప్పుగా ఎలా రాశారు మీరిద్దరూ? నలుగురిలో నా పరువేం కావాలి?"

దారం తెగకుండానే అమ్మ మిషన్ ఆపింది. అలా ఆపడం నేను ఎప్పుడూ చూడలేదు.

"మేం ఏ సినిమాకీ చివర చూడలేదండీ" అంది. "మీరు హారన్ కొట్టేసరికి పది నిమిషాలుంటుంది. ఏడు వారాలు, వారానికి నాలుగు. ఇరవై ఎనిమిది సినిమాలు, ఒక్కదానికీ చివర లేదు."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా."

"మీరు చూశారనుకున్నాను. మీరే ఏరుతున్నారటగా."

మంచం మీంచి నానమ్మ, "పడిందిరా దెబ్బ" అంది, ఎవరి పక్షమో తెలియకుండా.

నాన్న కుర్చీలో కూర్చున్నాడు. "ఈ గొడవంతా వద్దు. వచ్చే వారంనుంచి అందరికీ తెలిసిన పెద్ద సినిమాలే రాద్దాం. లేదంటే కాగితమే ఆపేద్దాం."

ఆ కాగితం ఆగితే మళ్లీ అమ్మ మాటలు గిన్నెలకీ నా డైరీకీ తప్ప ఎవరికీ చేరవు. ఆ పూట నోరు తెరవకపోతే ఇంక ఎప్పటికీ తెరవనని తెలిసింది. ముందు చిన్న ఊపిరి వచ్చింది, ఆ గొంతావిడకి వచ్చినట్టే.

"ఆపను" అన్నాను. "రాసేది నేను."

ముగ్గురూ నా వైపు తిరిగారు. అమ్మ ఒక్కర్తే ఆశ్చర్యపోలేదు.

"విన్నారుగా. రేపు అన్నం వండి మూత పెట్టి ఉంచుతాను. మీరూ అత్తయ్యా వడ్డించుకోండి. మేం ముందు ఆ రైలావిడ సంగతి తేల్చాలి" అంది అమ్మ.

మర్నాడు అమ్మ చొక్కా పక్కన పెట్టింది. చేతిలో గుడ్డ లేకుండా ఫోన్ ముందు కూర్చుంటే ఆమెకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి ఒడిలో పెట్టుకుంది. వంటింట్లో నాన్న గరిటె కోసం మూడు డబ్బాలు తెరిచిన చప్పుడు వినిపించింది. నానమ్మ పళ్లెం పట్టుకునే వచ్చి మా వెనక కూర్చుంది.

రైలావిడ బల్ల సర్దింది. సంచీ భుజానికి తగిలించుకుంది. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు వంగి మైకు దగ్గరికి వచ్చింది. "ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదున్న బండి బయలుదేరడానికి సిద్ధంగా ఉంది" అంది. చిన్న ఊపిరి. "నేను కూడా." మైకు కట్టేయకుండానే వెళ్లిపోయింది. ఖాళీ గదిలోంచి స్టేషనంతటికీ ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తూ ఉంది, దూరమవుతూ, బండి తలుపు దాకా.

"అదా" అంది అమ్మ. "నేను కట్టినదానికన్నా ఇదే బాగుంది."

నానమ్మ చేతిలో ముద్ద ఆరిపోయింది. "ఉప్పడిగిన అత్తగారు ఏమైందో చెప్పలేదు" అంది.

"లేచి తెచ్చుకుని ఉంటుంది అత్తయ్యా."

పేర్లు పడుతున్నాయి. ఫోన్ దానంతటదే ఇంకో సినిమాలోకి దూకబోయింది. అమ్మ నా మోచేయి పట్టుకుంది. "ఆగవే. ఆవిడ పేరు." వేలు పెట్టి ఆపాను. నటుల పేర్లు, దీపాలవాళ్లు, కుట్టినవాళ్లు, వండినవాళ్లు, అందరూ వెళ్లాక ఆఖరి వరసలో, చీమలంత అక్షరాల్లో, తెలుగు గొంతులు అని ఉంది. కింద ఐదు పేర్లు. స్టేషన్ ఆవిడకి ఎదురుగా ఒక పేరు. అమ్మ కళ్లు చిన్నవి చేసి పైకి చదివింది. ఇంకోసారి చదివింది. "ఇన్ని రోజులూ పేరైనా అడక్కుండా మాట్లాడినట్టయింది" అంది.

ఆ వారం కాగితం రాసేటప్పుడు అమ్మ పక్కనే కూర్చుంది. "కుటుంబమంతా అన్న మాట తీసెయ్. ఎవరు చూడాలో వాళ్లే చూసుకుంటారు" అంది. తీసేశాను. కింద, చెప్పింది అని అమ్మ పేరు, రాసింది అని నా పేరు పెట్టాను. పై వరసలో ఉన్నంత పెద్ద అక్షరాలతోనే. అడుగున ఇంకో వరస నా అంతట నేనే చేర్చాను: "గమనిక: ఇంట్లో ఎవరు చూస్తున్నా, చివరి పది నిమిషాలు వాళ్లని పిలవకండి."

నాన్న చదివాడు. "కొట్టు నాది" అన్నాడు మెల్లగా.

"కొట్టు మీదే. చెవులు మావి" అంది అమ్మ.

ఈసారి తెర వెనక నిలబడలేదు. ముందు గుమ్మంలోంచి వెళ్లి, అద్దానికి నేనే అంటించాను. ఒక మూల సరిగా అంటలేదు, ఉమ్మితో అంటించాను. సామాన్ల సంచీతో వెళ్తున్న ఒకావిడ ఆగి, అడుగు వరస దాకా పెదవులు కదుపుతూ చదివింది. బ్యాంకు గుమాస్తా భార్య ఆమేనని తరవాత తెలిసింది. "ఈ పేర్లలో నువ్వెవరు?" అంది. వేలు పెట్టి చూపించాను. "ఈవిడ?" అంది. "మా అమ్మ" అన్నాను. పైకే అన్నాను.

మర్నాడు కొత్త సినిమా. తేనెటీగల్ని పెంచే ఇద్దరు వితంతువులది. ఆ గొంతే ఉంది. అమ్మ కుడుతోంది, కాలర్ దగ్గర కుట్టు అప్పుడే పక్కకి పోతోంది. ఒకటిన్నరకి వాకిట్లో బండి ఆగింది. అలవాటు ఎక్కడికి పోతుంది, హారన్ మోగింది. రెండోది కూడా మోగింది.

అమ్మ తల ఎత్తలేదు. "సౌండ్ పెంచవే" అంది.