పిడికిలిలో పట్టినంతే

ఖాజాగూడ గుట్టల్లో ఆదివారం పూట సరదాగా రంగురాళ్లు ఏరుకునే బృందానికి వెంకటరామయ్యే పెద్ద. నియమాలు ఆయనే రాసి టైపు కొట్టించాడు. విడిగా పడున్న రాయే తీయాలి. పిడికిలిలో పట్టినంతే తీయాలి. సుత్తి వెయ్యాలంటే భూమి గలవాళ్లను అడగాలి. ఆ భూమి భాగ్యమ్మది. ఆమెకు చదువు రాదు కాబట్టి కాగితం చదివి వినిపించి మరీ ఒప్పించాడు. ఉమాశ్రీ అనే కుర్రపిల్ల ఒకసారి రెండు రాళ్లు ఎక్కువ తీసుకుందని అందరి ముందూ కడిగిపారేసిన ఘనుడు!

అంతటి పెద్దమనిషికి పోయిన ఆదివారం బండ వెనక సందులో ఒక స్ఫటికం కనపడింది. పదేళ్లుగా వెతుకుతున్న రకం. బండను అంటిపెట్టుకుని ఉంది, మీద పసుపుపచ్చటి పొర. ఇనుప మరకేనని తేల్చేశాడు. అటూ ఇటూ చూసి నాలుగు దెబ్బలు వేసి సంచిలో పడేశాడు.

ఇంటికెళ్లి సబ్బుతో రుద్దితే నీళ్లు ఎర్రగా దిగాయి. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ఇంట్లో పుట్టినవాడికి అదేమిటో తెలియదా? తెలిసింది, అది ఎవరో దేవతగా కొలిచి పూసిన పసుపని. తెలిసీ షోకేసులో పెట్టుకున్నాడు. వారమంతా దానివైపు చూడలేకపోయాడు.

ఈ ఆదివారం ఎవరూ చూడకుండా అక్కడే పెట్టేద్దామని సంచిలో తెచ్చాడు. భాగ్యమ్మ ఎదురొచ్చింది. వెనకాల రాళ్లు కొట్టే మొగిలి తల వంచుకుని ఉన్నాడు.

"మా పోచమ్మను ఎవడో కొట్టుకపోయిండు సారూ. ఊర్ల సుత్తి ఉన్నోడు ఈడే గదా అని పని బంద్ చేపిచ్చిన్రు."

"నా బిడ్డ మీద ఒట్టు, నేను కొట్టలే," అన్నాడు మొగిలి.

"మీ మీద నాకు అనుమానం లేదు సారూ. కాయిదం సదివినోళ్లు మీరు," అంది భాగ్యమ్మ.

వెంకటరామయ్యకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, మొగిలి కూడు పోతుంది. సంచిలోంచి రాయి తీశాడు.

"నేనేనమ్మా. నేనే కొట్టాను."

బృందమంతా ఆయనవైపు తిరిగింది. భాగ్యమ్మ రాయిని కొంగులో కట్టుకుంది. ఒక్క తిట్టూ తిట్టలేదు.

"గా కాయిదం మళ్లొకపారి సదువు సారూ. మొగిలి గూడ ఇనాలె."

చదివాడు. సుత్తి మాట ఉన్న మూడో నియమం దగ్గర ఆగిపోయాడు. కాగితం అందుకుని ఉమాశ్రీ చదివింది.