చివరి గ్యారంటీ

దుబాయ్‌లోని డేరా పేటలో మా కంపెనీ ఏసీలకు రెండేళ్ళ గ్యారంటీ అమ్మేది. చెడిపోతే మేము ఇంటికి వెళ్ళి ఊరికే బాగుచేయాలి. వ్యాపారం దెబ్బతిని ముదీర్, అంటే మా మేనేజరు, కంపెనీ ఎత్తేస్తానన్నాడు. సర్కారు ఆఫీసరు ఒప్పుకోలేదు. గ్యారంటీ కొన్నవాళ్ళు ఇక అక్కరలేదని సంతకం పెట్టాలి, లేదా గడువు తీరాలి, అప్పటిదాకా ఒక మెకానిక్ ఉండాల్సిందే అన్నాడు. అందరూ వెళ్ళిపోయారు. ఆ ఒక్కడిగా నేను మిగిలాను. నాకు పూచీ ఉండి ఈ దేశం రప్పించిన కఫీల్ దగ్గరే నా పాస్‌పోర్టు ఉంది. ఒక్కడినే కనుక సెలవు కూడా లేదు.

ఊళ్ళో నా బిడ్డ జ్వరంతో మంచం పట్టినప్పుడు, తగ్గితే శివరాత్రికి నా చేత్తోనే వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కాను. బిడ్డ లేచి తిరుగుతోంది. పోయిన శివరాత్రి ఇక్కడే గడిచిపోయింది.

ఈ చలికాలానికి ఒక్క సంతకం మిగిలింది. బర్ దుబాయ్‌లో ఉండే నర్సు కృపాకుమారిది. కాకినాడ వైపు మనిషి.

"ఏంటండీ రాజలింగం గారూ, కంపెనీ పోయినా మిమ్మల్ని వదల్లేదా?"

"దయ్యం వట్టినట్టు వట్టిండ్రమ్మా. మీరు సంతకం వెడితే ఖలాస్, ఇంటికి పోత."

"అంతేగా! ఇటివ్వండి. ఈ చలికి ఏసీ ఎవరేస్తారు?"

ఆమె కలం వెతుకుతుంటే, అలవాటు కొద్దీ ఏసీ స్విచ్ వేశాను. కంప్రెసర్ మూలిగి, కాసేపు తిరిగి, మళ్ళీ ఆగింది. ఎండాకాలం దాటదు. ఈమెవి ఎప్పుడూ రాత్రి డ్యూటీలు. పడుకునేది పగలే.

రాజన్నా, నీకిచ్చిన మాట కోసం ఈమెకిచ్చిన మాట మింగమంటావా? ఈ మూలుగు నాకు వినిపించింది నువ్వేనా? స్విచ్ కట్టేశాను.

"సంతకం వద్దమ్మా. కంప్రెసర్ పోయేటట్టుంది. కొత్తది జపాన్ నుంచి రావాలె."

"ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"శివరాత్రి దాటుతది."

నా మొక్కు సంగతి ఆమెకు తెలుసు. కలం కింద పెట్టింది. "మా ప్రభువుతో చెప్పి మీ రాజన్నకు కబురంపిస్తానుండండి."

"వద్దమ్మా, ఆడ గూడ ఎవ్వల కఫీల్ వాళ్ళకే ఉంటడు."

ఆమె నవ్వింది. నేనూ నవ్వుదామనుకున్నాను గాని ఓపిక లేదు. స్టూలు దగ్గరకు లాక్కొని ఏసీ మూత విప్పడం మొదలుపెట్టాను.