తాగని డ్రైవర్లు కావలెను

దశరథరామయ్యకి ఉన్నవి నాలుగు లారీలు, ఉన్నవాళ్లు నలుగురు డ్రైవర్లు. లారీలను ఆయన ఆస్తి కింద కట్టేవాడు, డ్రైవర్లను ఖర్చు కింద. భార్య వెంకటరత్నమ్మను ఏ పద్దులో వేయాలో మాత్రం ఇన్నేళ్ల కాపురంలోనూ తేల్చుకోలేకపోయాడు.

తెనాలి మిల్లుల బియ్యం ఊళ్లకు తోలడం ఆయన వ్యాపారం. కోతల తర్వాత కొన్నాళ్లు కిరాయికి కొదవ ఉండదు. మిగతా కాలమంతా లారీలు షెడ్డులో నిలబడి, టైర్లు అరక్కుండానే పాతబడేవి. రేపల్లె వైపు పొలాలన్నీ రొయ్యల చెరువులైపోయిన రోజులవి. అక్కడికి కొత్తగా వచ్చిన ఎగుమతి కంపెనీకి మద్రాసు రేవు దాకా సరుకు తోలే లారీలు కావాలని తెలిసేసరికి రామయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఆ కాంట్రాక్టు దొరికితే ఏడాది పొడుగునా పని. దొరక్కపోతే రెండు లారీలు అమ్ముకోవలసిందే. మూడో దారి ఎంత వెతికినా కనపడలేదు.

కంపెనీ మేనేజరు సీతారామాంజనేయులు బాపట్ల మనిషి. మాట మెత్తన, సంతకం గట్టి. అంతకుముందు వాళ్లకు సరుకు తోలిన లారీ డ్రైవరు ఒకడు, ఒంగోలు దాటాక ఫుల్లుగా తాగి, బండి పక్కకు ఆపి నిద్రపోయాడట. ఐసు కరిగి, రొయ్యలు కుళ్లి, ఆ కంపుకే వాడికి మెలకువ వచ్చిందట. అందుకని లోడు ఎత్తే ప్రతిసారీ డ్రైవర్లు తాగలేదని పరీక్ష చేయించాలన్నాడు మేనేజరు. పరీక్ష ఏదన్నది లారీ యజమాని ఇష్టం. మొదటిసారి మాత్రం తాను స్వయంగా వచ్చి చూసి సంతకం పెడతాడు. ఈ షరతుకు చీరాలలో ఒక లారీ యజమాని అప్పుడే ఒప్పేసుకున్నాడనే మాట కూడా మెత్తగా చెవిన వేశాడు.

అప్పటికి రాష్ట్రంలో మద్యనిషేధం ఉంది. అంటే ప్రభుత్వం లెక్క ప్రకారం ఎవరూ తాగడం లేదు. లేని తాగుడికి పరీక్ష పెట్టించమంటున్నాడంటే కంపెనీవాళ్లకు ప్రభుత్వం మీద నమ్మకం లేదన్నమాట అనుకున్నాడు రామయ్య. ఆ ఒక్క విషయంలో ఆయనకి మేనేజరు మీద గౌరవం కలిగింది.

పరీక్ష ఎంచుకోవడం ఆయన ఎడ్లను కొన్నట్టే చేశాడు. ముందు ఊరికే వచ్చేదాన్ని చూశాడు. డ్రైవర్లలో యోబు, లూకా, మత్తయి బైబిలు మీద, నబీ సాహెబు ఖురాను మీద రోజూ ప్రమాణం చేస్తే సరిపోతుందని మేనేజరుకు ఫోనులో చెప్పాడు. రొయ్యలు కొనే జపానువాళ్లు ఆ సర్టిఫికెట్టు తీసుకోరన్నాడు మేనేజరు. తర్వాత బాపట్లలో రక్తమూ మూత్రమూ పరీక్షించే ల్యాబుకి వెళ్లాడు. ఇవాళ ఇస్తే రేపు సాయంత్రం చెబుతామన్నారు. రొయ్య అంతసేపు ఆగదు. విజయవాడ నుంచి ఒక సేల్సుమన్ వచ్చి, ఊదితే అంకెలు చూపించే మిషను బల్ల మీద పెట్టి, దాని ధర చెప్పాడు. రామయ్య ఆయనకి కాఫీ ఇప్పించి పంపేశాడు. చివరికి గుంటూరులో మందుల ఏజెన్సీవాడి దగ్గర గాజుగొట్టాలు దొరికాయి. లోపల పసుప్పచ్చటి పలుకులుంటాయి. తాగినవాడు ఊదితే ఆకుపచ్చగా మారతాయి. ఒక గొట్టం ఒక్కసారికే. డజను తీసుకోమన్నాడు ఏజెన్సీవాడు. పరీక్ష నలుగురికైతే డజను ఎందుకని నాలుగే తీసుకున్నాడు రామయ్య. పొట్లంలో ఇంగ్లీషు కాగితం ఒకటి వచ్చింది. దాన్ని చదవకుండానే మడిచి ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టాడు.

"డ్రైవర్లకేనా ఈ పరీక్ష? రోజూ పొద్దున్నే మీ నోటికి ఏదైనా గొట్టం దొరుకుతుందేమో అడిగారా?" అంది వెంకటరత్నమ్మ.

ఇక రోజు ఎంచుకోవడం. గొట్టం కన్నా ఇది ముఖ్యమని రామయ్యకి తెలుసు. యోబు జట్టు ఏ రోజు తాగుతారో, ఏ రోజు తాగరో ఆయన ఏళ్ల తరబడి చూస్తున్నాడు. ముగ్గురూ కొలకలూరు లూథరన్లు. నెలలో మొదటి ఆదివారం గుడిలో ప్రభుభోజన సంస్కారం ఇస్తారు. దానికి ముందురోజు నుంచే వాళ్లు మందు వాసన చూడరు, ఆ పొద్దున కాఫీ చుక్కయినా ముట్టకుండా పరగడుపున వెళతారు. ఆ ఒక్క ఆదివారం తన డ్రైవర్లు పసిపిల్లలతో సమానం. గుడి విడిచిపెట్టగానే తిన్నగా షెడ్డుకు రమ్మన్నాడు. వాళ్లు దారిలో ఎక్కడా ఆగకుండా గుడి దగ్గర నుంచి సైకిలు మీద ఒక మనిషిని కూడా వెంట వేశాడు. మేనేజరును ఆ వేళకే పిలిచాడు. ఇంత తెలివి వడ్డీకిచ్చినా బతకొచ్చునని ఆయన లోలోపల మురిశాడు.

ఆయనకి తెలిసింది సగమే. సంస్కారానికి ముందు ఏం చేస్తారో తెలుసు. సంస్కారంలో ఏం ఇస్తారో ఎప్పుడూ అడగలేదు. గుడి అయ్యగారి భార్య ద్రాక్షపళ్లు పులియబెట్టి జాడీలో చేసిన రసాన్ని, ఆరాధన చివర అయ్యగారు పాత్రతో ఒక్కొక్కరి పెదవులకు అందిస్తారు. అక్కడి నుంచి ఆ ఊరి పొలిమేరలోనే ఉన్న రామయ్య షెడ్డుకి సైకిలు మీద వస్తే నోటి తడి ఆరదు.

నబీ సాహెబు ముందు ఊదాడు. ఆయన జన్మలో ముట్టినవాడు కాదు. పలుకులు పసుప్పచ్చగానే ఉన్నాయి. మేనేజరు తల ఊపాడు. తర్వాత యోబు, తెల్లచొక్కా చేతులు సర్దుకుని, ప్రార్థనలో నిలబడ్డంత వినయంగా ఊదాడు. గొట్టం చివర ఆకుపచ్చ మొదలైంది. లూకాదీ అంతే. మత్తయిది ఇంకా ముదురు ఆకుపచ్చ.

"ఏం తాగావయ్యా?" అన్నాడు మేనేజరు యోబుతో, మెత్తగా.

"ప్రభువు రక్తమండి," అన్నాడు యోబు.

మేనేజరు రామయ్య వంక చూశాడు. మాట కూడా తడబడుతోందని ఆ చూపు. నబీ సాహెబు పక్కకు వచ్చి గుడిలో ద్రాక్షరసం ఇస్తారని రామయ్య చెవిలో చెప్పాడు. ఆయనకి అంతా ఒక్క క్షణంలో అర్థమైంది, ఆ వెంటనే లెక్క కూడా కట్టాడు. నిజం చెబితే నోళ్లు కడిగించి మళ్లీ ఊదించాలి. గొట్టాలు లేవు. తెప్పించేలోగా చీరాలవాడు సంతకం చేసేస్తాడు.

"తాగినవాళ్లను ఇప్పుడే తీసేస్తే, వాళ్ల బదులు తాగనివాళ్లని కొత్తగా పెట్టుకుంటానని రాసిస్తే, నాకు అభ్యంతరం లేదండి," అన్నాడు మేనేజరు.

రామయ్య గొంతు పెంచి, తన షెడ్డులో తాగుబోతులకు చోటు లేదనీ, ముగ్గురూ తాళాలు అక్కడ పెట్టి పొమ్మనీ అన్నాడు. అంటూనే మేనేజరుకు కనపడని వైపు కన్ను గీటాడు. రేపు రండిరా, ఇదంతా ఉత్తదే అని దాని అర్థం. పొదుపు మనిషి కనుక అంత మాటనూ ఒక్క కన్నుతో సరిపెట్టాడు.

యోబు ఆ కన్ను చూశాడు. "తాగినరోజున తిట్టారు, పడ్డానండి. ఇవాళ పడనండి," అని తాళం బల్ల మీద పెట్టాడు. మిగతా ఇద్దరూ పెట్టారు. మేనేజరు సంతకం పెట్టాడు.

మర్నాడు ఎవరూ రాలేదు. నబీ సాహెబు మాత్రం వచ్చి, తన తాళం కూడా వాటి పక్కన పెట్టాడు. "తాగనివాణ్ణి తాగాడని రాసిచ్చారు కదండి. రేపు నేను దారిలో ఒక కునుకు తీస్తే నా మీదా అదే రాస్తారు," అన్నాడు. రామయ్య తెనాలి అంతా తిరిగాడు. కబురు ఆయనకన్నా ముందు తిరిగింది. చేతిలో కాంట్రాక్టు ఉంది, షెడ్డులో లారీలున్నాయి, రెండింటినీ కలిపేవాడు లేడు. గురువారం లోడు ఎత్తకపోతే కాగితం చెల్లదు.

బుధవారం ఆయన కొలకలూరు వెళ్లాడు. యోబు బయటికి రాలేదు. భార్య సామ్రాజ్యం చాట పక్కన పెట్టి అరుగు మీద కూర్చోమంది. మంచినీళ్లిచ్చింది. ఆయన కన్ను గీటిన సంగతి చెప్పాడు, జీతం పెంచే సంగతి కూడా కదిపి చూశాడు.

"మా ఆయన తాగుతాడు బాబుగారూ, కాదనను. తాగిన రోజు నేనే తంతాను. తాగని రోజున మీరు తంతే ఎలాగండి?"

"ఇప్పుడేం చెయ్యమంటావమ్మా?"

"ఆ మేనేజరుగారి ముందే కదండీ తాగుబోతులన్నారు. ఆయన ముందే కాదనండి. వస్తారు."

రామయ్య ఆ నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి లెక్క చూసుకున్నాడు. చెబితే కాంట్రాక్టు ఉంటుందో ఉండదో. చెప్పకపోతే ఎలాగూ ఉండదు. ధర్మం అనే మాట ఆయన మనసులోకి రాలేదు, వచ్చినా ఈ లెక్కలో దానికి పని లేదు. లేచి యోబును పిలిచి, రేపల్లె బస్సెక్కించాడు. టిక్కెట్టు తానే తీశాడు.

ఐసు ప్లాంటు గదిలో మేనేజరు ఆసాంతం విన్నాడు. జాడీ సంగతి, పాత్ర సంగతి, ఆదివారం ఎందుకు ఎంచుకున్నాడో ఆ సంగతి కూడా రామయ్య దాచలేదు. యోబు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరు తాగలేదన్నమాట," అన్నాడు మేనేజరు యోబుతో. "తప్పు మాట అన్నాను. ఏమీ అనుకోవద్దు."

"లేదండి," అన్నాడు యోబు.

ఆ తర్వాత మేనేజరు కాంట్రాక్టు కాగితం తీసి, నెమ్మదిగా చింపి, బుట్టలో వేశాడు. "రామయ్యగారూ, నా సంతకం కోసం తాగనివాళ్లనే తీసేశారు. రేపు ఇంకొకరి సంతకం కోసం నా రొయ్యల్ని ఎక్కడ దింపుతారో నాకేం తెలుసండి? చీరాలవాళ్ల డ్రైవర్లు తాగుతారు. ఆ సంగతి వాళ్లే దాచకుండా చెప్పారు." కాఫీ తెప్పించాడు. ఇద్దరికీ తెప్పించాడు.

తిరుగు బస్సులో రామయ్య కిటికీ వైపు కూర్చుని, ఏ రెండు లారీలు అమ్మాలో, ఎవరికి అమ్మితే నష్టం తగ్గుతుందో చూసుకుంటూ వచ్చాడు. యోబు నడిపే బండి పాతదే, దానికే ముందు బేరం తగులుతుంది. అది అమ్మితే యోబుకి ఏ బండి ఇవ్వాలన్న దగ్గర లెక్క ఆగిపోయింది. పక్కన యోబు ముందు సీటు కమ్మీ పట్టుకుని, ఏమీ జరగనట్టు రోడ్డు చూస్తున్నాడు. తెనాలి దగ్గరపడుతుంటే అడిగాడు.

"రేపు లోడు ఎక్కడికండి?"

"బియ్యమే. గుంటూరు," అన్నాడు రామయ్య. "పొద్దున్నే రా."