మూడో కొటేషన్

"మూడు చోట్ల రేటు కనుక్కో. ఎవడు తక్కువ చెప్తే వాడి దగ్గర చేయించు. ఇంట్లో కూర్చుని నువ్వు ఉద్ధరించేదేముంది?" అన్నాడు యుగంధర్, నేను కట్టిచ్చిన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ. కారు వెనక తలుపు మీది సొట్ట గురించి అతను మాట్లాడేది. ఆ తలుపుకేసి నన్ను కొట్టింది అతనే. కొట్టింది ఆదివారం మధ్యాహ్నం. సోమవారం పొద్దుటికి అది కారు రిపేరు అయిపోయింది.

యుగంధర్‌ది రాయ్‌పూర్ రైల్వే స్టోర్స్‌లో ఉద్యోగం. అక్కడ మూడు కొటేషన్లు లేనిదే చీపురు కూడా కొనరట. ఆ పద్ధతే ఇంటికీ తెచ్చాడు. గ్యాస్ స్టవ్వుకి మూడు షాపులు, పరదా గుడ్డకి మూడు షాపులు, నా పంటి నొప్పికి ముగ్గురు డాక్టర్లు. మూడోవాడు దొరికేసరికి ఆ పన్ను పీకించుకోవడం తప్ప దారి లేకపోయింది. ఎండలో తిరిగేది నేను, ఆదా చేశానని చెప్పుకునేది అతను. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషికి ఇంత పేరు ఎలా వచ్చిందో! "మా ఫణిశ్రీని కూడా ముగ్గురిని చూశాకే ఓకే చేశానండీ, మెయింటెనెన్స్ తక్కువ" అని నన్ను చూపించి చుట్టాలని నవ్విస్తాడు. పదకొండేళ్ళు నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆదివారం పక్క ఊరు ఆరంగ్‌లో వాళ్ళ పిన్నిగారింట్లో భోజనం చేసి వస్తున్నాం. దారిలో బ్రేకు కీచుమంది. "పోయిన నెలే మార్పించమన్నాడు మెకానిక్కు. ఇంకా చవకవాడు దొరుకుతాడని మీరే ఆపారు" అన్నాను. అంతే. వెనక సీట్లో అత్తగారు అప్పలనరసమ్మ ఉన్నారు, ఆవిడ విన్నారు. తల్లి ముందు తప్పు ఎత్తి చూపించానన్నమాట. మా క్వార్టర్ ముందు కారు ఆగింది. ఆవిడని దింపి నేను వెనక తలుపు మూస్తున్నాను. అతను నా జడ చేతికి చుట్టుకుని లాగి, అదే తలుపుకేసి కొట్టాడు. ఒకసారి, భుజం. రెండోసారి, మళ్ళీ అదే భుజం. మూడోసారి తల వెళ్ళి కిటికీ అంచుకి తగిలింది. రేకు లోపలికి పోయిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. అత్తగారు చేతిలో అరటిపళ్ళ సంచితో నిలబడి, "ఒరే ఒరే, ఆగరా, బండి సొట్టపోతాది!" అన్నారు.

అతను ఆగాడు. బండి కోసం ఆగాడు. నిజం చెప్తున్నాను, అతని మీద కంటే ఆ మాట మీద నాకు చంపేయాలన్నంత కోపం వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి దంచుడు బండ చేతిలోకి తీసుకున్నాను. హాల్లో టీవీ ముందు అతని తల వెనక భాగం కనిపిస్తోంది. ఎక్కడ కొట్టాలో, ఎన్నిసార్లు కొట్టాలో అన్నీ చూసుకున్నాను. తర్వాత ఆ బండతోనే అల్లం దంచి ముగ్గురికీ టీ పెట్టాను. టీలో చక్కెర తక్కువైందన్నాడు.

సోమవారం కారు తీసేసరికి ఎడమ భుజం లేవడం లేదు. గేరు మార్చాల్సింది ఆ చేత్తోనే. సిగ్నల్ పడిన ప్రతిచోటా పళ్ళు బిగబట్టుకుని, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టుకుంటూ నడిపాను. కంపెనీ సర్వీస్ సెంటర్లో తలుపు మొత్తం మార్చాలన్నారు. ఎలా తగిలిందని అడిగితే గేటు స్తంభమన్నాను. పండరీ బజారు దగ్గర సొట్టలు తీసే డెంటింగువాడు సగం రేటు చెప్పాడు. వాడికి ఆవు కుమ్మిందన్నాను. రాయ్‌పూర్ రోడ్ల మీద ఆవంటే ఎవరూ కాదనరు. హిందీలో అబద్ధం ఆడటం సులువు. నా భాష కాదు కాబట్టి ఆ అబద్ధం కూడా నాది కాదనిపిస్తుంది. తెలుగువాళ్ళ షాపుకి మాత్రం వెళ్ళకూడదనుకున్నాను. వెళితే సాయంత్రానికి కాలనీ అంతా తెలిసిపోతుంది.

మూడోది గుఢియారీలో, రైలు పట్టాల పక్క రేకుల షెడ్డు. దిగబోతూ పొరపాటున ఎడమ చెయ్యి ఆనించాను. "అమ్మో!" అనేశాను.

"తెలుగోరా తల్లీ?" అన్నాడు లోపల్నుంచి వచ్చిన ముసలాయన. పేరు పరదేశి. వాళ్ళ తాత పలాస నుంచి పట్టాల పనికి వచ్చాడట. "ఎలా తగిలింది?"

"ఆవు" అన్నాను. తెలుగులో ఆ మాట నోట్లోనే నలిగింది.

ఆయన సొట్ట మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని మెల్లగా తిప్పాడు. "ఆవైతే కొమ్ము గీరతాది. స్తంభమైతే రంగు లేచిపోతాది. ఇక్కడ ఒక్క గీతా లేదు. మెత్తటిదేదో గట్టిగా తగిలింది. లోపల్నుంచి తోసేస్తే వచ్చేస్తాది, రంగు ఖర్చే లేదు. రెండు వేలివ్వండి చాలు. బచత్ అయింది మీకు."

బచత్, ఆదా. నా ఒళ్ళు మెత్తగా ఉన్నందుకు యుగంధర్‌కి రంగు డబ్బులు మిగిలాయి. ఇది తెలిస్తే ఆఫీసులో చెప్పుకుని మురిసిపోతాడు.

పరదేశి కిటికీ రబ్బరు సందులోంచి ఏదో లాగాడు. పొడుగాటి వెంట్రుక. దాన్ని చూశాడు, నా జడ చూశాడు. దాన్ని నా అరచేతిలో పెట్టాడు.

నేను వెళ్ళి తలుపుకి భుజం ఆనించి నిలబడ్డాను. సొట్టలో భుజం సరిగ్గా కూర్చుంది. ఆయన తల తిప్పుకున్నాడు.

"తోసేమంటారా తల్లీ?" అన్నాడు.

"వద్దు. కొటేషన్ రాసివ్వండి. సొట్ట దేనివల్ల పడిందో కూడా రాయండి."

"రాస్తే మీవారు నా షెడ్డు మీదికొస్తారు."

"వస్తారు" అన్నాను. ఆయనకి ఇంకో అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది.

పరదేశి చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, బిల్లు పుస్తకంలో హిందీలో నెమ్మదిగా రాశాడు. మనిషి ఒళ్ళు తగిలి రేకు లోపలికి పోయింది, రంగు లేవలేదు. కింద సంతకం, తేదీ, షాపు ముద్ర. ఆ వెంట్రుకని కాగితంలో మడిచి నేను పర్సులో పెట్టుకున్నాను.

మహిళా పోలీస్ ఠాణా ముందు కారు ఆపుతుంటే ఫోన్ వచ్చింది.

"ఎంతకి తేలింది?" అన్నాడు యుగంధర్.

"మూడు కొటేషన్లూ వచ్చాయి. గుఢియారీలో తక్కువ."

"మరింకేం, చేయించెయ్."

"చేయించను. నువ్వు నన్ను ఎక్కడ కొట్టావో పోలీసులు చూసి రాసుకునేదాకా ఆ తలుపుని ఎవరూ ముట్టుకోకూడదు."