మూల ఇంటికి ముంచుకొచ్చిన గిరాకీ

"ఒక చిన్న ఇల్లు చూసుకుందామనుకుంటున్నా" అని మా బావ ఫోనులో ఎవరితోనో అంటే, వంటింట్లో ఉన్న మా అమ్మ చెవికి అది "చిన్నిల్లు" అని చేరింది. ఆవిడ గరిటెతో సహా హాల్లోకి వచ్చి అల్లుడి ఎదురుగా నిలబడింది. అది ఇటుకల ఇల్లేనని మా అక్క నచ్చజెప్పి వెనక్కి పంపేసరికి పొయ్యి మీద కూర మాడింది. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. బావ ఇల్లాలిని ముందే చూసుకున్నాడు కాబట్టి ఇక మిగిలింది ఇల్లే.

బావ లిఫ్టు మెకానిక్. ఊరందరినీ పైకి పంపి తను మాత్రం కిందే ఉండిపోతున్నానని ఆయన బాధ. ఎవరో హోటల్లో పెట్టుబడి మీద ఉచితంగా ఒక బడి పెడితే వెళ్ళొచ్చాడు. అక్కడ రెండు పాఠాలు చెప్పారట. ఇల్లు కొనేది డబ్బున్నవాడు కాదు, పరిచయాలున్నవాడు అన్నది మొదటిది. నచ్చిన ఇంటి గడప నువ్వు తొక్కకు, నీ మోజు నీ మొహంలో కనిపిస్తే ధర పెరుగుతుంది, ఇంకొకణ్ణి పంపి వంకలు పెట్టించు అన్నది రెండోది.

ఆనాటి నుంచి ఆయనకు కుదురు లేదు. స్థిరాస్తి కొంటానన్న మనిషి ఒక్కచోట స్థిరంగా కూర్చోలేదు. అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, చెయ్యి కడిగేసుకుని వీధిలోకి వెళ్ళిపోయేవాడు. చెడిపోయిన లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళతో తలుపు సందులోంచి పరిచయం పెంచుకునేవాడు. పాపం, వాళ్ళు ఎక్కడికీ పారిపోలేరు కదా. అలా రెండంతస్తుల మధ్య వేలాడుతూ దొరికినవాడే ఒక బ్రోకరు. ఆ బ్రోకరు చెప్పిందే మూల మీద ఇల్లు.

అది అక్కకు కూడా కావాలి. కుట్టుమిషను చప్పుడు పడటం లేదని, మిషనైనా పోవాలి మీరైనా పోవాలి అని అద్దింటాయన తేల్చేశాడు. మూల ఇంట్లో ముందుగది మిషనుకు సరిపోతుంది, పై వాటా అద్దెకు ఇవ్వొచ్చు. అక్క కుట్టి దాచిందీ, బావ ఓవర్‌టైం చేసి దాచిందీ కలిపితే దాని ధరకు బొటాబొటీగా సరిపోతుంది. ఆ మూలధనానికి ఆ మూల తప్ప ఊళ్ళో ఇంకో మూల దొరకదు.

ఇంటామె రిటైరైన లెక్కల టీచరు. పాఠం ప్రకారం బావ ముందు నన్ను పంపాడు. నేను సైన్‌బోర్డులు రాసేవాణ్ణి, నటన రాదు. గోడకు చెమ్మ ఉన్నట్టుందని గొణిగి, ధర అడిగి వచ్చాను. ఆవిడ సరసమైన ధరే చెప్పింది. బావ అక్కడ ఆగితే కథ లేదు. నా మాట మీద నమ్మకం కుదరక, నాకు చెప్పకుండా బ్రోకరును పంపాడు. బ్రోకరుకు చెప్పకుండా కరెంటు పనివాణ్ణి, అతనికి చెప్పకుండా జిమ్ము మాస్టరును పంపాడు. చెదలనీ ఇంకోటనీ తలా ఒక వంక పెట్టి, తనే కొనేవాడిలా ధర అడిగి వచ్చారు.

లెక్కల టీచరు లెక్క వేసింది. అడిగేవాళ్ళు పెరిగారు, ధరా పెరగాలి. పెంచింది. పోటీ గట్టిగా ఉందని బ్రోకరు వచ్చి భయపెట్టాడు. ఆ పోటీవాడెవడో కనుక్కోమని బావ ఇంకొందరిని తోలాడు. ధర ఇంకో అంతస్తు ఎక్కింది. ఎన్నో లిఫ్టులు ఆపిన మనిషికి, దీన్ని పైకి పంపుతున్న మీట మీద ఉన్నది తన వేలేనని తట్టలేదు.

"నువ్వే వెళ్ళి అడగొచ్చుగా?" అంది అక్క.

"నీకు తెలీదే. అది వ్యాపార రహస్యం."

"ఊళ్ళో సగం మందికి చెప్పావు. ఆ ఇంటావిడకి ఒక్కదానికే రహస్యం."

చివరికి టీచరమ్మ విసిగిపోయి, అడిగినవాళ్ళందరినీ ఆదివారం పొద్దున ఒకేసారి రమ్మంది. ముందుగదిలో కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకున్నారు. ఎవరి ఆఖరి మాట వాళ్ళు చెప్పమని అడిగిందామె. ఆఖరి మాట దేవుడెరుగు, మొదటి మాటే మా సొంతం కాదు. ఒక్క నిమిషం అంటూ ఒక్కొక్కరం ఫోను తీశాం. జిమ్ము మాస్టరుకు లైను దొరికింది, మిగతా అందరికీ ఎంగేజ్. ఏం చెయ్యాలో తోచక అందరం కిటికీలోంచి చూశాం. ఎదురుగా మందుల షాపు ముందు, చెవికి ఫోను అంటించుకుని, బావ పచార్లు చేస్తున్నాడు.

అప్పుడు గుమ్మంలో అక్క కనిపించింది. ఆమెను ఎవరూ పంపలేదు. ఒకే వైపు తిరిగిన మా మెడలు చూసింది, వెనక్కి తిరిగింది, రోడ్డు దాటి బావను చొక్కా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"టీచరమ్మగారూ, మీ ఇంటికొచ్చిన గిరాకీ మొత్తం ఈయనొక్కడేనండి. వీళ్ళందర్నీ ఈయనే పంపాడు. ఒకరి సంగతి ఒకరికి తెలీదు."

బ్రోకరు కరెంటు పనివాడి వైపు తిరిగాడు. "అయితే పోటీ నువ్వా?"

"నేను నిన్ననుకున్నా అన్నా."

టీచరమ్మ చెదల సంగతి అడిగింది. చెప్పమన్నాడండీ అన్నాడు కరెంటు పనివాడు. చెమ్మ సంగతి అడిగింది. నేను చెప్పులు వెతుక్కున్నాను. ఇంత గిరాకీ ఉంది కదా అని, నిజంగా కొనడానికొచ్చిన ఒక జంటను వెనక్కి పంపేశానని, వాళ్ళు వేరే ఇల్లు చూసుకున్నారని ఆమె చెప్పినప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

"ఇంతకీ మీకు ఇల్లు నచ్చిందా?" అని బావను అడిగింది.

"నేనింకా లోపలికొచ్చి చూళ్ళేదండి" అన్నాడు బావ.

"నాకు నచ్చిందండి" అంది అక్క. "ఈ కిటికీ కింద మిషను పెట్టుకుంటాను. మా దగ్గరున్నది మీరు మొదట చెప్పిన ధరే. అంతకుమించి లేదు."

అమ్మేవాళ్ళ ముందు అంత నిజం ఎవరూ చెప్పరు. బ్రోకరు కళ్ళు మూసుకున్నాడు.

టీచరమ్మ మళ్ళీ లెక్క వేసింది. "మొదటి రోజు ఎంతమంది అడిగినట్టు?"

"ఒక్కరండి."

"ఇవాళ?"

"ఒక్కరేనండి."

"మరి ధర మారడానికి కారణం లేదు" అని ఆమె లేచి, ఇల్లు చూద్దురు రమ్మని బావను లోపలికి పిలిచింది. ఆయన చెప్పులు విప్పి వెళ్ళాడు. మేమంతా ముందుగదిలో మిగిలి, ఎవరు ఎవరికి ఏమవుతామో ఒకరికొకరం చెప్పుకోవడం మొదలుపెట్టాం.